బరువు కదిలించేది కండ కాదు, కట్టుబాటు



లేతు మిషనో, డ్రిల్లింగు మిషనో పెట్టుకుని నాలుగు మెతుకులు సంపాదించుకుంటున్న కుటుంబాలు మన సొసైటీలో తక్కువేమీ కాదు. షెడ్డు యజమాని ఖాళీ చెయ్యమన్న రోజున వాళ్ళని పట్టుకునే దిగులు ఒక్కటే: ఈ టన్ను బరువును కదిలించేదెట్లా? క్రేను పిలిస్తే చేతిలో డబ్బంతా పోతుంది. పిలవకపోతే మనిషికే ముప్పు.

నా చిన్నతనంలో మా మామూ తన లేతును పక్కవీధికి మార్పించాడు. ఆరుగురు మనుషులు, ఆరు కేకలు. ఒకడు "లాగు" అంటే ఇంకొకడు "ఆగు" అన్నాడు. మిషను ఒరిగింది. ఒక పనివాడి రెండు వేళ్ళు నలిగిపోయాయి. బలం చాలక కాదు, పద్ధతి లేక.

ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరానికి చెందిన హీరాన్ బరువులెత్తే విద్య మీద ఒక గ్రంథం రాశాడు. ఇరుసు-చక్రం, మీట, కప్పీ, ఆప్పు, మర అనే ఐదు సాధనాలే దానికి ఆధారం. గ్రీకు మూలం తునకలుగా తప్ప దక్కలేదు. పూర్తి గ్రంథం నిలిచింది అరబ్బీ అనువాదంలోనే. 9వ శతాబ్దంలో దాన్ని అరబ్బీ చేసిన ఖుస్తా ఇబ్న్ లూఖా బాల్‌బెక్ ఊరి క్రైస్తవుడు. విద్యకు మతం అడ్డు రాని కాలం అది.

ఆ విద్యను పుస్తకం చదవకుండానే చేతుల్లో నిలుపుకున్నవారు కేరళలో ఉన్నారు. కోళిక్కోడ్ దగ్గర చాలియార్ నది సముద్రంలో కలిసే చోట బేపూర్ ఉంది. అక్కడ కట్టే ఉరు అనే పెద్ద కొయ్య ఓడలను నీళ్ళలోకి దింపేవారు మాప్పిళ ఖలాసీలు. మన కోస్తా రేవుల్లో కళాసీలన్నది ఈ మాటే. వాళ్ళ సామాను తాళ్ళు, కప్పీలు, దొర్లే దుంగలు, నలుగురూ కలిసి తిప్పే దవరు అనే కొయ్య యంత్రం. ఒక పెద్ద గొంతు పలుకుతుంది, మిగతావారంతా దాని లయకే లాగుతారు.

1988 జూలై 8న కొల్లం దగ్గర పెరుమాన్ వంతెన మీదినుంచి ఐలాండ్ ఎక్స్‌ప్రెస్ బోగీలు అష్టముడి సరస్సులో పడ్డాయి. 105 మంది చనిపోయారు. బోగీలను బయటికి తీయడానికి ఖలాసీలను రప్పించారు. ఓడలు దింపిన తాళ్ళూ కప్పీలే ఆ రోజున అక్కరకొచ్చాయి.

మన లేతుకూ ఇదే సూత్రం. గడ్డపార కింద దిమ్మ పెట్టి, దిమ్మకు ఇటు ఒక వంతు, చేతి వైపు పది వంతులు ఉండేట్టు చూసుకుంటే పదోవంతు బలం చాలు. వెయ్యి కిలోల లేతులో ఒక కొసన పడేది 500, 600 కిలోలు. అంటే 50, 60 కిలోల ఒత్తిడితో ఆ కొస లేస్తుంది. ఒకసారికి అంగుళం లేపి చెక్క పెట్టాలి, ఆ చెక్కను కర్రతో తొయ్యాలి గాని వేళ్ళతో కాదు. హెడ్‌స్టాకు వైపు బరువెక్కువ కనుక శాడిలును, టెయిల్‌స్టాకును రెండో కొసకు జరిపి బిగించాలి. లేతు కాళ్ళ ఎడం తక్కువ, పైబరువెక్కువ. కాబట్టి అడుగున అడ్డంగా వెడల్పాటి దూలాలు బోల్టులతో బిగిస్తే ఒరగదు. దూలాల కింద ఇనుప పైపులు వేసి, వెనక ఖాళీ అయిన పైపును ముందుకు మార్చుకుంటూ పోవాలి. వాలు వస్తే వెనకనుంచి తాడు ఒక గట్టి స్తంభానికి చుట్టి, కొద్దికొద్దిగా వదలాలి.

మామూ రెండోసారి షెడ్డు మార్చినప్పుడు, రేవులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయనను పిలిపించాడు. ఆయన ముందు దారంతా నడిచి చూశాడు. తర్వాత అన్నాడు: "మాట నాదొక్కడిదే. తక్కినవాళ్ళు నోరు కట్టుకోండి." సాయంత్రానికి లేతు కొత్త షెడ్డులో ఉంది. ఎవరి వేలికీ గీత పడలేదు.

ఆ పెద్దాయన విద్య ఆయనతోనే పోయింది. ఎవరమూ దగ్గర కూర్చుని నేర్చుకోలేదు. అందుకే అడుగుతున్నాను: మన వర్క్‌షాపుల్లో అటువంటి ఉస్తాదులు ఇంకా ఉంటే, మన కుర్రాళ్ళను వాళ్ళ పక్కన నిలబెట్టండి. క్రేను బాడుగకు దొరుకుతుంది, ఉస్తాదు అనుభవం దొరకదు.