కొనేవాడి పంచాంగం

క్రీ.శ. 1600 ప్రాంతంలో కాశీలో రామదైవజ్ఞుడు రాసిన ‘ముహూర్త చింతామణి’ని ముహూర్తం పెట్టేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తూనే ఉంటారు. అందులో క్రయవిక్రయాల గురించి ఒక చిన్న నియమం ఉంది. రేవతి, శతభిషం, అశ్విని, స్వాతి, శ్రవణం, చిత్త కొనడానికి మంచి నక్షత్రాలు. పుబ్బ, పూర్వాషాఢ, పూర్వాభాద్ర, విశాఖ, కృత్తిక, ఆశ్లేష, భరణి అమ్మడానికి మంచివి. కొనే నక్షత్రంలో అమ్మకూడదు, అమ్మే నక్షత్రంలో కొనకూడదు. అంగట్లో సరుకుకు ఇది సరిపోతుంది. వ్యాపారి ఒకనాడు కొని మరోనాడు అమ్ముకుంటాడు, అతని దగ్గర కొనుక్కెళ్లేవాడు నక్షత్రం చూసుకుని రాడు. ఇంటి దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడుతుంది. ఒకే కాగితం మీద, ఒకే రోజున ఒకరు అమ్మినవారూ మరొకరు కొన్నవారూ అవుతారు. ఆ రోజు ఇద్దరికీ మంచిది కావడం ఈ లెక్కన కుదరదు, ఎవరో ఒకరు తగ్గాలి. తెలుగునాట తగ్గుతూ వచ్చింది అమ్మేవాడే. ఇల్లు అమ్మడానికి ఏ నెల మంచిదని అడిగేవాళ్లు తమ క్యాలెండరు చూసుకుంటారు. మన దగ్గర ఇళ్ల అమ్మకాలు నడిచిన తీరు చూస్తే మాత్రం అమ్మేవాడికంటూ ఒక కాలం ఏనాడూ లేదని, ఉన్నదల్లా కొనేవాడి కాలమేనని తేలుతుంది.

మొదట పంచాంగం సంగతే చూద్దాం. మనవాళ్లు ‘మంచి రోజులు లేవు’ అనేటప్పుడు చెప్పే కారణాలు నాలుగు: ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి శూన్యమాసాలు; రెండున్నరేళ్లు దాటాక ఒకసారి వచ్చే అధికమాసం; గురుమూఢం; శుక్రమూఢం. గురుడు సూర్యుడికి దగ్గరై కనబడకుండా పోయేది సుమారు పదమూడు నెలలకోసారి, దాదాపు నెల రోజులు. శుక్రుడి సంగతి ఇంకా చిత్రం. 584 రోజుల చక్రంలో ఒకసారి రెండు నెలల దాకా, ఇంకోసారి పట్టుమని పది రోజులు మరుగున పడతాడు. ఈ మూఢాలు ఏటా వేరే నెలల్లో పడతాయి కాబట్టి ‘ఫలానా నెల ఎప్పుడూ మంచిది’ అని రాసిపెట్టుకోవడానికి వీల్లేదు. ఇంతకీ ఈ నిషేధాలన్నీ గృహప్రవేశానికి, శంకుస్థాపనకు, పెళ్లికి. పాలు పొంగించేది కొన్నవాడు, గడపకు పసుపు రాసేది వాళ్లింటి ఆడవాళ్లు. ఇల్లు అమ్మి సామాను బండికెత్తించుకుని వెళ్లిపోయేవాడికి ఏ తంతూ లేదు, ఏ ముహూర్తమూ అక్కర్లేదు. ఇంట్లోకి రావడానికి ఇన్ని ఘడియలు వెతికిన ఆచారం వెళ్లడానికి ఒక్క ఘడియా వెతకలేదంటే, ఆ పంచాంగం ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే పంచాంగం ఒక్కటే కొనేవాణ్ని నడిపించిందా? కాదు, డబ్బు నడిపించింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాలో వరి సేద్యం ఒక గాడిన పడింది. సార్వా పంట కార్తీకం చివర కోతకొచ్చి పుష్యానికి గాదెకెక్కేది. కళ్లంలో రాశి పడి, ధాన్యం మిల్లుకు తోలి, రూపాయి చేతికొచ్చేసరికి మాఘం. అటు మాఘ ఫాల్గుణాలు, ఇటు వైశాఖ జ్యేష్ఠాలు గృహప్రవేశానికి మెచ్చిన నెలలు. గుంటూరులో మిర్చి, పొగాకు సొమ్ము కూడా మాఘం నుంచి వేసవి దాకానే ఆడుతుంది. ఓరుగల్లు వైపు పత్తి సొమ్ము దసరాకు మొదలై సంక్రాంతికి ముమ్మరమవుతుంది. ఇక ఆషాఢంలో పరిస్థితి చూడండి. రైతు చేతిలో ఉన్నది విత్తనాలకు, దుక్కికి, నాట్లకు పోతుంది. బాటలు బురద. ఇల్లు చూడ్డానికి వచ్చేవాడూ ఉండడు, వచ్చినా బయానా ఇచ్చేందుకు రొక్కం ఉండదు. శూన్యమాసాల నియమం మన డెల్టా కోసం రాసింది కాదు. కానీ ఇక్కడ అంత గట్టిగా నిలబడటానికి కారణం ఉంది. జేబు ఖాళీగా ఉన్న నెలలో ‘కొనకూడదు’ అనే నియమాన్ని పాటించడం ఎవరికీ కష్టం కాదు.

అమ్మేవాడి వైపు లెక్కలు వేరు. అతని తేదీలు చుక్కల్ని బట్టి వచ్చినవి కావు, బాకీల్ని బట్టి వచ్చినవి. మద్రాసు రాజధానిలో శిస్తు లెక్కల ఫసలీ సంవత్సరం జులై 1న మొదలయ్యేది, హైదరాబాద్ సంస్థానంలో అక్టోబరులో. శిస్తు కిస్తీలు మాత్రం పంట చేతికొచ్చే నెలల్ని చూసే పెట్టారు. దాంతో అందరూ ఒకేసారి ధాన్యం అమ్మాల్సి రావడం, ధర పడిపోవడం మామూలైంది. షావుకారు ప్రోనోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది కనుక ఆ గడువు ముంచుకొచ్చేసరికి తిరగరాయాలి, లేదా తీర్చాలి. అన్నిటికంటే కటువైన గడువు కూతురి పెళ్లి. మాఘంలో లగ్నం పెట్టుకున్నవాడికి డబ్బు పుష్యంలోనే కావాలి. అంటే ఎవరూ కొనడానికి ముందుకు రాని శూన్యమాసంలో అతను ఇల్లు బేరం పెట్టాలి. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అనే సామెతను జనం వ్యాపారుల మోసం మీద విసురుగా వాడతారు. నిజానికి అది ఈ రెండు క్యాలెండర్ల మధ్య దూరాన్ని చెబుతుంది. అమ్మేవాడు పుష్యంలో వస్తాడు, కొనేవాడు మాఘంలో వస్తాడు, ఆ మధ్య నెలరోజుల్లో ఇంటి ధరలో ఎంత కరిగిపోతుందో ఆ పెళ్లి తొందరే చెప్పాలి.

దీనికి దస్తావేజులే సాక్ష్యం. పాత తెలుగు క్రయదస్తావేజు తీసి చూస్తే మొదట ఇంగ్లీషు తేదీ, వెంటనే సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. ఆ తర్వాత ‘నా కుటుంబ అవసరముల నిమిత్తము’, ‘ఋణములు తీర్చుకొను నిమిత్తము’ అంటూ అమ్మకానికి కారణం వస్తుంది. కొనేవాడు ఎందుకు కొంటున్నాడో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఇది లేఖరి రాతే కానీ నిజమైన అవసరానికి సాక్ష్యం కాదని ఎవరైనా అనొచ్చు, అందులో సబబు ఉంది కూడా. ఉమ్మడి కుటుంబ ఆస్తిని యజమాని అమ్మితే ‘కుటుంబ అవసరం’ ఉందని చూపకపోతే ఆ అమ్మకం నిలవదు. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే కేసులో ప్రీవీ కౌన్సిల్ ఆ అవసరాన్ని విచారించుకునే బాధ్యత సొమ్ము ఇచ్చేవాడి మీద పెట్టింది. ఆ తర్వాత కొనేవాళ్లు ఆ వాక్యాన్ని పట్టుబట్టి రాయించుకున్నారు. కాబట్టి ఆ మాట చూసి ప్రతి అమ్మకందారూ ఇబ్బందిలో ఉన్నాడనుకోవడం పొరపాటే. కానీ ఆ వాక్యం ఎవరి క్షేమం కోసం పుట్టింది? కొనేవాడి హక్కు గట్టిగా ఉండటం కోసం. అమ్మేవాడి చేత తన అవసరాన్ని ఒప్పించి కాగితం మీద పెట్టించే పద్ధతి, ఆ లావాదేవీలో ఎవరి మాట నెగ్గేదో కూడా చూపిస్తుంది.

ఇక్కడ చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం నూరు రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. అయితే 1908 రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ సంతకం అయ్యాక నాలుగు నెలల్లోగా ఆ దస్తావేజును ఆఫీసులో దాఖలు చేయవచ్చంది. 47వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన పత్రం అమల్లోకి వచ్చేది రిజిస్టరైన రోజు నుంచి కాదు, రాసుకున్న నాటి నుంచే. అంటే మంచి ఘడియలో సంతకం చేసి ఆఫీసు పని తీరిగ్గా చూసుకోవచ్చు. ఆ సందుకు తోడు బయానా అలవాటు కలిసింది. ఇల్లు అమ్మడం అనేది బేరం, బయానా, దస్తావేజు, స్వాధీనం, గృహప్రవేశం అని అయిదు రోజులుగా విడిపోయింది. వీటిలో ముహూర్తం తప్పనిసరిగా కావాల్సింది చివరిదానికి ఒక్కదానికే. ఆషాఢంలో బేరం కుదుర్చుకుని శ్రావణంలో పాలు పొంగించుకోవడం ఈ విభజన వల్లే అలవాటైంది. ‘ఆషాఢంలో ఇల్లు అమ్ముడుపోదు’ అన్న మాట సగమే నిజం. ఆషాఢంలో ఇంట్లోకి దిగరు. శ్రావణంలో దిగాలనుకున్నవాడు మాత్రం ఆషాఢంలోనే ఇల్లు ఖాయం చేసుకోవాలి.

ఇదంతా పంట డబ్బు కాలం నాటి మాట, ఇప్పుడు జీతం నెలనెలా పడుతోంది, 1977లో హెచ్‌డీఎఫ్‌సీ వచ్చాక ఇంటి రుణాలు మామూలైపోయాయి, ఇక కాలమెక్కడిదని అడగవచ్చు. రూపాయికి కాలం లేకుండా పోయిందన్నది నిజమే. కొనేవాడికి పోలేదు. పిల్లల బడి జూన్‌లో తెరుస్తారు కాబట్టి మే నెలలో ఇల్లు మారాలి. అన్నిటికంటే పెద్ద కొత్త ముహూర్తం ప్రభుత్వం పెట్టేది. తెలంగాణలో 2021 జులై 22న భూముల మార్కెట్ విలువలు పెరిగాయి, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపి 6 శాతం నుంచి 7.5 శాతానికి చేరాయి. ఆ రోజు ఆషాఢమే. 2022 ఫిబ్రవరి 1న విలువలు మళ్లీ పెరిగాయి. దానికి ముందు జనవరి చివరి రోజుల్లో, నిండు పుష్యమాసంలో, రిజిస్ట్రేషన్ ఆఫీసులు కిటకిటలాడాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నాటి పెంపుకు ముందూ అదే వరస. శూన్యమాసమని ఇంట్లో కూర్చున్నవాళ్లకంటే ఖర్చు తప్పించుకుందామని క్యూలో నిలబడ్డవాళ్లే ఎక్కువగా కనిపించారు. డ్యూటీ కట్టేది మామూలుగా కొనేవాడే. అంటే ఇక్కడా తొందర కొనేవాడిదే. పంట పోయి జీతం వచ్చినా, తిథి పక్కన జీవో వచ్చి చేరినా, ఎవరి తేదీకి ఎవరు సర్దుకున్నారన్నది మారలేదు.

ఇంకో గట్టి ఆక్షేపణ ఉంది. ధర పెరగాలన్నా తగ్గాలన్నా నెలలతో పనేమిటి, పెద్ద గాలి వీస్తే చాలు కదా అని. 2014 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ రాజధాని విజయవాడ పరిసరాల్లో వస్తుందని శాసనసభలో ప్రకటించాక ఆ చుట్టుపక్కల భూమికి పట్టిన ఊపును ఏ మాఘమాసమూ ఇవ్వలేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక చల్లబడిన బేరాలను ఏ శ్రావణమూ లేపలేదు. ఇది ఒప్పుకోవాల్సిందే. నెల మారినంత మాత్రాన ఇంటి అసలు విలువ మారదు. నెలను బట్టి మారేది గుమ్మం ముందు ఎంతమంది నిలబడ్డారన్నదీ, అమ్మేవాడు ఎన్నాళ్లు ఆగాలన్నదీ. ఆగగలిగినవాడికి ఆ తేడా పెద్దది కాదు. ఆగలేనివాడికి అదే ధర. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల సంగతి చూడండి. క్రిస్మస్ సెలవులకు, సంక్రాంతికి వచ్చి తిరుగు టికెట్టు లోపల ఊళ్లో ఇల్లు అమ్మి వెళ్లాలనుకుంటారు. అది ధనుర్మాసం, పుష్యం. పూర్వం పెళ్లి గడువు చేసిన పనే ఇప్పుడు విమానం గడువు చేస్తోంది. పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించి, మాఘం దాకా ఊళ్లో నమ్మకస్తుడి చేత బేరం నడిపించుకున్నవాళ్లు ఆ గడువును తమ మీద నుంచి దించుకున్నట్టే.

ఇక ఇల్లు అమ్మదలచినవాడికి ఈ చరిత్ర చెప్పే లెక్క ఏమంత కష్టమైనది కాదు. మాఘంలో దిగేవాడు కావాలంటే ఇల్లు అమ్మకానికి ఉందన్న మాట సంక్రాంతి నెలపట్టక ముందే ఊళ్లో పాకాలి. శ్రావణంలో దిగేవాడు కావాలంటే జ్యేష్ఠంలో సున్నాలు వేయించి, ఈసీ తీయించి, కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి. మూఢం ఎప్పుడు పడుతుందో ఉగాదికి కొన్న పంచాంగంలోనే ఉంటుంది. అది చూసుకోవాల్సింది తన కోసం కాదు, రాబోయే మనిషి కోసం. రామదైవజ్ఞుడు అమ్మేవాడికి ఏడు నక్షత్రాలు రాసిపెట్టాడు. కొనేవాడికి ఇచ్చినవి ఆరే. అయినా రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద లేఖరి దగ్గర కూర్చున్నప్పుడు ‘పుబ్బ ఎప్పుడు?’ అని అడిగే అమ్మకందారు ఉండడు. అడిగేవాడు కొనేవాడు, అడిగేది అశ్విని గురించి, శ్రవణం గురించి. అతని పక్కన కూర్చున్నవాడికి ఆ జవాబు వినేదాకా ఆగే ఓపిక ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఇంటి ధర తేలుతుంది.