కడగొట్టు బిడ్డ ఇచ్చిన ఆచూకీ

చేతులూ కాళ్లూ పొట్టిగా, మొండెం ఇంచుమించు మామూలుగా, నుదురు కాస్త ముందుకొచ్చి ఉంటే డాక్టర్లు దాన్ని ఎకాండ్రోప్లేసియా అంటారు. అలా పుట్టే పిల్లల్లో నూటికి ఎనభై మందికి అమ్మానాన్నలిద్దరూ మామూలు ఎత్తువాళ్లే. ఇంటావంటా లేనిది బిడ్డకెలా వచ్చింది?

మొదటి ఆచూకీ 1912లో దొరికింది. జర్మనీలో స్టుట్‌గార్ట్ డాక్టరు విల్‌హెల్మ్ వైన్‌బర్గ్ వేల కాన్పులు చూసినవాడు, పైగా లెక్కల పిచ్చోడు. ఈ పిల్లలు తొలిచూలు బిడ్డల్లో కన్నా కడగొట్టు వాళ్లలోనే ఎక్కువని గమనించాడు.

కడగొట్టు అనగానే వేలు తల్లివైపే చూపిస్తాం. చీలిన పెదవికి గ్రహణంమొర్రి అని పేరు పెట్టి, గర్భిణి గ్రహణం చూసిందని సాధించిన వాళ్లం కదా! కానీ కడగొట్టు బిడ్డ పుట్టేనాటికి కాన్పుల సంఖ్య, తల్లి వయసు, తండ్రి వయసు మూడూ పెరిగే ఉంటాయి. 1955లో ఇంగ్లండులో లయొనెల్ పెన్‌రోజ్ ఆ మూడింటినీ లెక్కల్లో విడదీశాడు. తేలింది తండ్రి వయసు.

మగవాడిలో వీర్యకణాలు ముసలితనందాకా తయారవుతూనే ఉంటాయి. ప్రతిసారీ జన్యువులకు కొత్త నకలు కావాలి. తాళపత్రాలు తిరగరాసిన కొద్దీ తప్పులు దొర్లినట్టే ఇక్కడా దొర్లుతాయి.

ఆ తప్పు చోటు 1994లో బయటపడింది. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో జాన్ వాస్మత్ బృందం నాలుగో క్రోమోజోము కొసన ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో దాన్ని పట్టుకుంది. దాదాపు అందరిలోనూ మారింది ఒకే చోట, ఒకే అక్షరం! ఈ జన్యువు ఎముక ఎదుగుదలకు కళ్లెం. అది లేని ఎలుకలకు ఎముకలు అతిగా సాగాయి. ఆ ఒక్క అక్షరం మారితే మాత్రం కళ్లెం బిగిసిపోతుంది. 1998లో మామూలు ఎత్తు తల్లిదండ్రులకు ఇలా పుట్టిన 40 మందిని పరీక్షిస్తే, 40 మందిలోనూ ఆ మార్పు తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోము మీదే ఉంది.

అయినా లెక్క కుదరలేదు. నకలు తప్పులైతే ఎక్కడైనా పడాలి. ఈ ఒక్క అక్షరం మీదే ఇంత పగ దేనికి? చనిపోయాక దానమిచ్చిన వృషణాలను ముక్కలు చేసి వెతికితే, మారిన కణాలు అంతటా చెల్లాచెదురుగా లేవు, కొన్ని ముక్కల్లోనే గుంపులు కట్టి ఉన్నాయి. అంటే తప్పు పదేపదే జరగనక్కర్లేదు. వీర్యకణాలను పుట్టించే మాతృకణంలో ఒక్కసారి జరిగితే చాలు, అది పక్కవాటికన్నా జోరుగా సంతతిని పెంచుకుంటుంది. బిడ్డ ఎముకకు కళ్లెం బిగించే ఆ మార్పే, తండ్రిలో ఆ కణానికి కళ్లెం వదిలేస్తోంది.