మళ్లీ కట్టిన కోట, తరలిపోయిన ఊరు

చెన్నైలో తెలుగు చదువుకొనే విద్యార్థులను ప్రతి ఏడూ ఒకసారి సెంట్ జార్జి కోటకు తీసుకువెళ్లడం మాకు అలవాటు. ఈసారి బయలుదేరేముందు ఒక విద్యార్థిని అడిగింది: “ఈ ఊరికి పునాది వేసింది మనవాళ్లే కదా! మరి ఇక్కడ మనం పరాయివాళ్లం ఎట్లా అయ్యాం?” ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేదు. కోట చూశాక మాట్లాడుకుందామన్నాం.

ముందుగా తెలుసుకోవలసింది, ఇప్పుడు మనకు కనిపించే కోట 1640లో మొదలుపెట్టిన కోట కాదు. దుగరాజపట్నంలోనూ మచిలీపట్నంలోనూ సరిగా నిలదొక్కుకోలేకపోయిన ఇంగ్లీషు కంపెనీవారు 1639లో వందవాసి నుంచి పాలిస్తున్న దామెర్ల వెంకటాద్రి నాయకుని దగ్గర ఈ తీరాన చోటు సంపాదించారు. 1645లో విజయనగర ప్రభువు శ్రీరంగరాయలు ఆ హక్కును ఖాయపరచాడు. అప్పటి కోట చిన్నది. దానిని 1746లో ఫ్రెంచివారు పట్టుకొని 1749 దాకా తమ చేతిలో ఉంచుకొన్నారు. 1758 డిసెంబరులో లాలీ మళ్లీ ముట్టడించాడు. 1759 ఫిబ్రవరి దాకా సాగిన ఆ ముట్టడి విఫలమైంది కాని కంపెనీవారికి గట్టి గుణపాఠమే నేర్పింది. ఆ తరువాత పాతికేళ్లపాటు కోటను పడమటివైపు పెంచుతూ, బురుజులు, కందకాలు కొత్తగా నిర్మించారు. నేడు మనం చూసే గోడలు చాలావరకు అప్పటివే.

కోటలో పాతవి లేకపోలేదు. 1680లో ప్రారంభమైన సెంట్ మేరీ చర్చి ఉంది. శాసనసభా భవనం ముందరి నల్లరాతి స్తంభాల కథ వేరు. ఫ్రెంచివారు వాటిని పాండిచ్చేరికి తరలించుకుపోయారు. 1761లో పాండిచ్చేరిని పట్టుకొన్న తరువాత ఇంగ్లీషువారు వాటిని వెనక్కి తెచ్చుకొన్నారు. ఒకప్పుడు తూర్పుగోడకు దగ్గరగా అలలు తగిలేవి. పందొమ్మిదో శతాబ్దం చివర హార్బరు కట్టాక దక్షిణాన ఇసుక మేటవేసి సముద్రం దూరం జరిగింది. సముద్రద్వారం దగ్గర నిలబడితే ఇప్పుడు కనబడేది బస్సులు తిరిగే రోడ్డు. 1795లో వర్తకుల కోసం కట్టిన భవనంలో 1948 నుంచి మ్యూజియం నడుస్తున్నది.

అయితే మన విద్యార్థులు చూడవలసినది కోటలోపల లేదు, కోటకు ఉత్తరాన ఉంది. కంపెనీవారిని నమ్ముకొని వచ్చిన నేతగాళ్లు, అద్దకంవారు, దుబాసీలు, వర్తకులు కోటగోడ పక్కనే ఇళ్లు కట్టుకొన్నారు. వారిలో తెలుగువారూ తమిళులూ ఉన్నారు. తెలుగును ఇంగ్లీషువారు ‘జెంటూ’ అని, తమిళాన్ని ‘మలబారు’ అని రాసుకొన్నారు. రెండూ పోర్చుగీసువారి నుంచి వచ్చిన వాడుకలే, రెండూ ఆయా జనం తమకు పెట్టుకొన్న పేర్లు కావు. జనం మాత్రం ఆ ఊరిని చెన్నపట్నం అన్నారు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప పేర ఆ పట్నం వెలసిందనడానికి, అదే వంశంవాడైన అంకభూపాలుని తెలుగు కావ్యం ఉషాపరిణయం ఒక ఆధారం.

ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉత్తరం నుంచి శత్రువు ఇళ్ల చాటున కోట దగ్గరకు రాగలడని 1746 యుద్ధంలో తేలింది. అందుచేత ఫ్రెంచివారు కోటకు దగ్గరగా ఉన్న ఇళ్లు కూల్చడం మొదలుపెట్టారు. ఊరు తిరిగి చేతికి వచ్చాక ఇంగ్లీషువారు ఆ పనినే పూర్తిచేశారు. ఫిరంగులకు అడ్డులేకుండా మైదానం కావాలి కదా! చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరుల గుడి కూడా పోయింది. దానికి బదులుగా మరోచోట స్థలం ఇవ్వగా, జంట ఆలయాలుగా మళ్లీ కట్టుకొన్నారు. ఇక ఈ గీత దాటి ఇల్లు కట్టరాదని 1773లో ఆరు రాతికంబాలు నాటారు. పారీస్ కార్నర్ దగ్గర వాటిలో ఒకటి ఇంకా ఉంది. పాత ఊరి స్థలంలో 1892లో హైకోర్టు వెలిసింది.

ఊరివారు మాత్రం నశించలేదు. ఉత్తరానికి జరిగి ముత్యాలపేట, పెద్దునాయకన్‌పేటల్లో కలిసిపోయారు. 1911లో జార్జిటౌన్ అయినది ఆ ప్రాంతమే. అక్కడి కన్యకాపరమేశ్వరి దేవస్థానం, గోవిందప్ప నాయకుని వీధి ఇప్పటికీ ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్న మళ్లీ ఎత్తాం. ‘పునాది వేసింది మనవాళ్లే’ అనడంలో కొంత నిజం ఉంది, కొంత పొరపాటూ ఉంది. చోటు ఇచ్చిన నాయకుడు తెలుగువాడే కాని, ఆ చోట అంతకుముందే ఊళ్లూ గుళ్లూ ఉన్నాయి, వాటిలో తమిళం మాట్లాడే జనం ఉన్నారు. గోడలు లేపిన చేతులు ఒక్క భాషవారివి కావు. కోటకు అడ్డమని ఇళ్లు కూల్చినప్పుడు ఇది తెలుగు ఇల్లా, తమిళ ఇల్లా అని ఎవరూ అడగలేదు. కాబట్టి ‘ఊరు ఎవరిది?’ అని వాదించుకోవడం కన్నా ‘ఎవరెవరు ఇక్కడ బతికారు, వారిని ఎక్కడికి తరిమారు?’ అని విచారించడం చరిత్రకు దగ్గర దారి అని మా అభిప్రాయం.

పరాయివాళ్లం అయ్యామన్న బాధ లేదని మేము అనము. మద్రాసు పేరు 1996లో చెన్నై అయినప్పుడు, ఆ పేరులో చెన్నప్ప ఉన్నాడని తెలిసినవారెందరు? ఇది ఇతరుల తప్పే కాదు, మన ఇళ్లలోనూ చెప్పుకోవడం మానేశాం. కోటను కంపెనీ తన అవసరానికి మళ్లీ కట్టుకొన్నది. కూలిన ఊరిని తిరిగి కట్టలేము గాని, దాని కథను కట్టుకోవచ్చు. మీ ఇళ్లలో పాత దస్తావేజులు ఉంటే వెతకండి. తాతమ్మలు ఏ వీధిని ఏ పేరుతో పిలిచేవారో అడిగి రాసుకోండి. తమిళ మిత్రుణ్ణి వెంటబెట్టుకొని ఆ రాతికంబం దగ్గరకు వెళ్లి రండి. ఆ కంబానికి దక్షిణాన ఒకప్పుడు ఇద్దరి ఇళ్లూ ఉండేవి.