వేసవి పరిశోధన శిక్షణ: అధ్యాపకులకు, డిగ్రీ విద్యార్థులకు దత్తాంశ శాస్త్రం

చంద్రపూర్ జిల్లాలోని సరిహద్దు గ్రామాలకు పులి కొత్త కాదు. 1995లో తాడోబా–అంధారి పులుల సంరక్షణ కేంద్రం ఏర్పడిన ఈ జిల్లాలో, పొలానికో పశువుల మేతకో వెళ్ళేవారికి పులి జాడ తెలియడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. ఆ జాడ తెలిపే విద్యలలో డేటా సైన్స్ అనబడే దత్తాంశ శాస్త్రం నేడు ముఖ్యమైనది.

2022 జాతీయ పులుల గణనలో 32,588 చోట్ల అమర్చిన కెమెరాలు 4.70 కోట్లకు పైగా ఛాయాచిత్రాలు తీశాయి. వాటిలో పులులు ఉన్నవి 97,399 మాత్రమే. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కనుక, కంప్యూటరు సాయంతో చారలను పోల్చి 3,080 పులులను విడివిడిగా గుర్తించారు. కెమెరాకు చిక్కని పులుల సంఖ్యను గణాంక సూత్రాలతో అంచనా వేశారు. పోగుపడిన వివరాల నుండి ఈ విధంగా సమాధానం రాబట్టడమే దత్తాంశ శాస్త్రం. వర్షపాతం, పంట దిగుబడి, రోగాల వ్యాప్తి వంటి విషయాలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

ఇటువంటి పరిశోధనను దగ్గరనుండి నేర్చుకొనుటకు ఉన్న మార్గాలలో వేసవి పరిశోధన ఫెలోషిప్ ఒకటి. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్ నగరాలలోని మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు దీనిని ఉమ్మడిగా నిర్వహిస్తూ వచ్చాయి. ఎంపికైనవారు సుమారు రెండు నెలలపాటు ఒక శాస్త్రవేత్త వద్ద పనిచేస్తారు; భృతి లభిస్తుంది. గణితం, ఇంజనీరింగ్ విభాగాలలో దత్తాంశ శాస్త్ర అంశాలను ఎంచుకొనవచ్చును. విద్యార్థులతోపాటు అధ్యాపకులూ అర్హులు కావడం దీని విశేషం. ఒక్క అధ్యాపకుడు నేర్చుకొని వస్తే, ఆ కళాశాలలో ఏటేటా చేరే విద్యార్థులందరికీ ఆ విద్య అందుతుంది.

దరఖాస్తుతో మార్కుల వివరాలు, నేర్చుకొనదలచిన అంశంపై చిన్న వ్యాసం, విద్యార్థులైతే అధ్యాపకుని సిఫారసు లేఖ జతపరచాలి. శిక్షణ వేసవిలోనే అయినా, దరఖాస్తు గడువు సాధారణంగా అంతకుముందు నవంబరులోనే ముగుస్తుంది. అనేకులు అవకాశం కోల్పోయేది ఇక్కడే.

ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుకు సైతం ఈ అనుభవం తప్పలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1940లో గణిత ఎం.ఏ. పూర్తిచేసిన ఆయన పరిశోధన వేతనానికి పంపిన దరఖాస్తు, గడువు దాటినందున తిరస్కరించబడింది. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళిన ఆయన, అక్కడి భారతీయ గణాంక సంస్థ గురించి తెలుసుకొని 1941లో శిక్షణకు చేరారు. 2023లో, 102వ ఏట, గణాంక శాస్త్ర అంతర్జాతీయ పురస్కారం అందుకొన్నారు.

ఆయనకు మరొక ద్వారం తెరుచుకొన్నది. అందరికీ అటువంటి అవకాశం రాకపోవచ్చును. కావున ఆ ఏటి ప్రకటనను ముందే పరిశీలించి, దసరా నాటికే పత్రాలు సిద్ధపరచుకొనుట మేలు.