సముద్రము మ్రింగిన ఆరు ఫిరంగులు

పాతకాలపు ఓడ ఫిరంగులను వెదకి, బాగుచేసి, భద్రపరచుట కొందరికి వేడుకగా తోచవచ్చును. కాని ఇనుపముద్ద తనంతట తాను చరిత్ర చెప్పలేదు. దానికి తోడుగా ఒక వ్రాత ఉండవలెను. ఆ వ్రాతను కాపాడిన చోటు ఒకటి ఉండవలెను. ‘ఎండెవర్’ అను ఆంగ్లనౌక ఫిరంగుల కథ యిందుకు తార్కాణము.

1768లో జేమ్స్ కుక్ ఆ ఓడపై ఇంగ్లండు విడిచెను. 1769లో తహితి ద్వీపమున, శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగుటను పరిశీలించెను. మరుసటి ఏడు ఆస్ట్రేలియా తూర్పుతీరము వెంబడి పోవుచుండగా, జూన్ 11వ తేదీ రాత్రి ఓడ పగడపు దిబ్బపై చిక్కుకొనెను. అడుగున చిల్లిపడి నీరు లోనికి వచ్చుచుండెను. బరువు తగ్గించిననే గాని ఓడ కదలదు. 40 నుండి 50 టన్నుల వస్తువులను నావికులు కడలిలోనికి విసరిరి. ఉన్న పది పెద్ద ఫిరంగులలో ఆరింటిని త్రోసివేసిరి. ఒక్కొక్కటి అరటన్నుకు మించిన బరువు. సుమారు 23 గంటల పిమ్మట, మరునాటి రాత్రి పోటునకు ఓడ తేలెను. నారపీచు, ఉన్ని అంటించిన తెరచాపను చిల్లికి అడ్డుగా కట్టి, గూగు యిమిథిర్ ప్రజల నేలయైన నదీముఖమునకు చేర్చి, అచ్చట బాగుచేసికొనిరి. పగడపు రాతిముక్క యొకటి చిల్లిలోనే విరిగి ఇరుకుకొని, నీటిని కొంత ఆపియుండుట అప్పుడు కనబడెను.

కుక్ ఈ వృత్తాంతమును దినచర్యలో వ్రాసియుంచెను. 199 ఏండ్లకు, 1969లో, ఫిలడెల్ఫియా ప్రకృతిశాస్త్ర పరిషత్తు పంపిన బృందము ఆనాటి వ్రాతల ఆధారమున ఆ తావును గుర్తించి, ఇనుము ఉనికిని తెలుపు మాగ్నెటోమీటరుతో వెదకెను. పగడము క్రింద పూడియున్న ఆరు ఫిరంగులును దొరకెను.

దొరకుటతో పని ముగియలేదు. అసలు కష్టము అప్పుడే మొదలైనది. చిరకాలము ఉప్పునీట నున్న పోత ఇనుములో పైపొరల ఇనుము కరగిపోయి, మెత్తని నల్లసీసపు బొగ్గు మిగులును. ఆకారము చెడదు, సత్తువ పోవును. గాలికి ఆరనిచ్చినచో లోనిఉప్పు తేమను పీల్చి త్రుప్పు పెంచును. పైభాగము పెళ్ళలుగా రాలును. కావున సముద్రము కాపాడినదానిని గట్టు చెరుపగలదు.

మెల్బోర్నులోని రక్షణశాఖ పరిశోధనశాలలో వీనికి చికిత్స జరిగెను. పగడపు పెచ్చులను ఓర్పుతో కొట్టి తీసిరి. ఫిరంగిని కాస్టిక్ సోడా కలిపిన నీటిలో ముంచి, విద్యుత్తు ఋణధ్రువమునకు కలిపిరి. విద్యుత్తు ప్రవహించినకొలది ఉప్పు వెలువడును. పిదప శుద్ధజలమున కడిగి, తేమ పోగొట్టి, మైనము పట్టించిరి.

అటుపై అవి ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఇంగ్లండు, అమెరికా దేశములకు పంచబడెను. ఒకటి, ఓడ బాగుపడిన చోటనే వెలసిన కుక్‌టౌను ప్రదర్శనశాలకు చెందెను.

కుక్ స్వహస్తముతో వ్రాసిన దినచర్యను ఆస్ట్రేలియా ప్రభుత్వము 1923లో కొనెను. కాన్‌బెరాలోని జాతీయ గ్రంథాలయపు వ్రాతప్రతులలో దానిది మొదటి సంఖ్య. ఇనుమును కడలి తినివేసెను. కాగితముపై సిరా నిలిచెను. ఆరు ఫిరంగుల జాడ తెలిపినది కాగితమే. గ్రంథములను చెదలకును చెమ్మకును అప్పగింపక కాపాడు ప్రతి గ్రామ గ్రంథాలయమును, ఎన్నడో ఎవరికో దారిచూపు జాడలను దాచుచున్నదే.