జోష్ నాలుగు రోజులు, ఇంతెజామ్ జిందగీ అంతా

రంజాన్ అయిపోయి షవ్వాల్ మొదలైందంటే మన ఇళ్లలో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "ఈసారి బరువు తగ్గాల్సిందే." నియ్యత్ పక్కాగానే ఉంటుంది. ఫజర్ కాగానే వాకింగ్, చాయ్‌లో చక్కెర బంద్, రాత్రికి రెండే రొట్టెలు. మూడో వారంలో ఎవరిదో వలీమా వస్తుంది. దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ, దాల్చా, డబుల్ కా మీఠా. "ఈ ఒక్కరోజుకి ఏం కాదులే" అంటాం. ఆ రోజు తర్వాత పర్హేజ్ మళ్లీ కనబడదు. ఎందుకు ఆపేశారని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: హిమ్మత్ చాలలేదు.

ఈ జవాబు మీద నాకు చాలా రోజులుగా షక్ ఉంది. నేను తారీఖ్ పుస్తకాలు చదివే మనిషిని. తారీఖ్ అంటే ఇక్కడ తేదీ కాదు, చరిత్ర. బరువు తగ్గి తారీఖ్‌లో నిలిచిపోయినవాళ్లు కొందరున్నారు. వాళ్లలో ముగ్గురి సంగతి చెప్తాను. ఒకరు బాద్‌షా, ఒకరు వ్యాపారి, ఒకరు మామూలు ఇల్లాలు. మొదటివాడికీ చివరావిడకీ మధ్య వెయ్యేళ్ల ఫర్క్. వాళ్ల హిమ్మత్ మనకంటే ఎక్కువని నాకు అనిపించలేదు. వాళ్లకు దొరికింది వేరే ఉంది.

ముందు బాద్‌షా సంగతి. పదో శతాబ్దంలో స్పెయిన్‌లో ఎక్కువ భాగం అందలుస్, అంటే ముసల్మానుల హుకూమత్. రాజధాని ఖుర్తుబా, ఈనాటి కోర్దోబా. తఖ్త్ మీద ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్. ఉత్తరాన లియోన్ అనే క్రైస్తవ రాజ్యం ఉండేది. 956లో అక్కడ సాంచో రాజయ్యాడు. తారీఖ్‌లో ఆయనకు మిగిలిన పేరే 'లావు సాంచో'. గుర్రం ఎక్కలేనంత మోటాపా. ఆ జమానాలో గుర్రం ఎక్కలేని రాజు జంగ్‌కు పోలేడు, జంగ్‌కు పోలేని రాజును సర్దార్లు లెక్కచెయ్యరు. 958లో ఆయన్ని దించేసి, ఒర్దోన్యో అనే మరో రాకుమారుణ్ని కూర్చోబెట్టారు.

సాంచో తన నానీ దగ్గరికి పారిపోయాడు. ఆవిడ నవర్రా రాజ్యపు రాణి తోదా. ముసలావిడ, గట్టి మనిషి. మనవడికి తఖ్త్ రావాలంటే ముందు ఒంట్లో కొవ్వు పోవాలని ఆవిడకు అర్థమైంది. మంచి హకీం కావాలని ఏకంగా ఖలీఫాకే ఖబర్ పంపింది. దుష్మన్ దర్బార్‌కు ఖబర్ పంపడమేంటని మీకు అనిపించొచ్చు. తోదాను కన్న తల్లీ, ఖలీఫా తండ్రిని కన్న తల్లీ ఒక్కరే. అంటే వరసకు తోదా ఖలీఫాకు ఫుప్పూ. జంగ్ నడుస్తున్నా రిష్తా రిష్తాయే.

ఖలీఫా తన దర్బార్ హకీం హస్దాయ్ ఇబ్న్ షప్రూత్‌ను పంపాడు. హస్దాయ్ యూదుడు. అరబ్బీతో పాటు లాటిన్ కూడా తెలిసినవాడు, ఖలీఫాకు సఫీర్‌గా పనిచేసినవాడు. మూలికల మీద గ్రీకులు రాసిన పెద్ద కితాబును అరబ్బీలోకి సరిగ్గా తెచ్చే పనిలో కూడా ఆయన చెయ్యి ఉంది. ఆయన మరీజ్‌ను చూసి పెట్టిన షరత్ ఒక్కటే: ఇలాజ్ ఇక్కడ కుదరదు, ఖుర్తుబా రావాలి. ఇందులో ఖలీఫా సియాసత్ కూడా ఉంది. శత్రురాజ్యపు రాణి స్వయంగా వచ్చి తన దర్బార్‌లో నిలబడటం ఆయనకు కావాల్సిందే. కొన్ని కోటలు కూడా ఇచ్చేటట్టు మాట తీసుకున్నారు. తోదా ఒప్పుకుంది. కొడుకును, మనవణ్ని వెంటబెట్టుకుని ఖుర్తుబా చేరింది.

ఆ ఇలాజ్ గురించి లియోన్ వైపు రాసిన పాత చరిత్రలో ఉన్నది ఒకటి రెండు మాటలే. ముసల్మానులు మూలికలు తెచ్చారు, కడుపు మీది కొవ్వు తీసేశారు, రాజుకు పాత చురుకుదనం తిరిగొచ్చింది. అంతే. పెదాలు కుట్టేసి నలభై రోజులు కషాయం మాత్రమే పోశారని చెప్పుకునేవన్నీ తర్వాత పుట్టిన కిస్సాలు. సాంచో సన్నబడ్డాడు, గుర్రమెక్కాడు. ఖలీఫా ఫౌజ్ తోడుగా వెళ్లి 960 నాటికి లియోన్‌ను తిరిగి తీసుకున్నాడు.

మూలిక ఏదో అని వెతికే బదులు హస్దాయ్ పెట్టిన ఆ షరత్ చూడండి. తన మహల్‌లో సాంచో బాద్‌షా. బావర్చీ ఆయన నౌకరు, వడ్డించేవాడు ఆయన నౌకరు. "హుజూర్, ఇక చాలు" అనగలిగే మనిషి ఒక్కడు లేడు. ఖుర్తుబాలో వంటిల్లు ఆయనది కాదు. తలుపు దగ్గర హకీం, పక్కన నానీ. మనిషి మారకముందే మనిషి చుట్టూ ఉన్న ఇంతెజామ్ మారింది. నా సమఝ్‌లో ఆ ఇలాజ్‌లో సగం అదే.

హస్దాయ్ చదువుకున్న తిబ్ మనకు పరాయిది కాదు. మనం యునానీ అంటున్నది దాన్నే. రయ్ నగరపు హకీం అల్ రాజీ రాసిన 'అల్ హావీ' అనే మహా గ్రంథాన్ని 1955 నుంచి సంపుటాలుగా అచ్చేసింది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. ఆ తిబ్‌లో మోటాపా గురించి చాలా ఫికర్ ఉంది. బాగా లావుగా ఉన్నవాళ్లకు ఆకస్మిక మరణం వచ్చే ఖత్రా ఎక్కువని గ్రీకు హకీం బుఖ్రాత్ ఎప్పుడో చెప్పాడు. ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'లో బరువు తగ్గించే తదబీర్ రాస్తూ, కడుపు నింపేదే కానీ ఒంటికి తక్కువ పట్టే గిజా తినమన్నాడు, గట్టి రియాజత్ చెయ్యమన్నాడు. ఇవాళ డాక్టర్లు కూర ఎక్కువ, అన్నం తక్కువ, నడక రోజూ అంటున్నది దీనికి దగ్గరి మాటే. యునానీలో ఇంకో ఉసూల్ తద్రీజ్, అంటే మెల్లమెల్లగా. ఏళ్ల తరబడి ఉన్న ఆదత్‌ను ఒక్కసారిగా తెంపితే ఒళ్లు ఎదురు తిరుగుతుంది, కొంచెం కొంచెంగా మళ్లిస్తే ఒప్పుకుంటుంది. షవ్వాల్‌లో మనం తప్పేది ఇక్కడే. మొదటి రోజే అన్నీ బంద్ పెట్టేస్తాం.

తద్రీజ్ అంటే ఏమిటో లెక్కలతో చూపించినవాడు రెండో మనిషి, లండన్‌కు చెందిన విలియం బాంటింగ్. ఆయన ఖాందాన్ వ్యాపారం అంత్యక్రియల ఏర్పాట్లు. రాజవంశపు జనాజాలు కూడా వాళ్ల చేతి మీదుగానే వెళ్లేవి. 1862లో ఆయనకు దాదాపు 66 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌండ్లు, అంటే దాదాపు 92 కిలోలు. బూట్ల తాడు కట్టుకోవడానికి వంగలేడు. మెట్లు దిగాలంటే మోకాళ్ల మీద భారం పడకుండా వెనక్కి తిరిగి దిగేవాడు. అంతకుముందు పడవ నడిపి చూశాడు. ఆకలి పెరిగి ఇంకా ఎక్కువ తిన్నాడు. గుర్రపు స్వారీ, సముద్రపు గాలి, టర్కీ హమ్మాంలు అన్నీ అయ్యాయి. మనం జిమ్‌కు డబ్బు కట్టి మానేసినట్టే.

చివరికి చెవుడు వచ్చిందని విలియం హార్వే అనే డాక్టర్ దగ్గరికి పోతే, అసలు మర్జ్ చెవిలో లేదు, కొవ్వులో ఉందన్నాడాయన. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, ఆలుగడ్డలు బంద్ చేసి, మాంసం, చేప, కూరలు తినమన్నాడు. ఆ కాలపు ఇంగ్లీషువాళ్ల రివాజు ప్రకారం పట్టికలో షరాబ్ కూడా ఉంది. అది మనకు పనికిరాని మాట, వదిలేద్దాం. మనకు పనికొచ్చేది ఆయన హిసాబ్. బాంటింగ్ ఇంచుమించు మూడు వారాలకోసారి తూకం వేసుకుని తారీఖుతో సహా రాసిపెట్టాడు. ఒకసారికీ మరోసారికీ తగ్గింది రెండు పౌండ్లో మూడు పౌండ్లో. ఏడాదికి 46 పౌండ్లు, అంటే 21 కిలోలు. వారానికి లెక్కేస్తే 400 గ్రాములకు అటూ ఇటూ.

మన సబ్ర్ ఎక్కడ తెగుతుందో గుర్తు చేసుకోండి. రోజూ పొద్దున కాంటా ఎక్కుతాం. నీళ్లు ఎక్కువ తాగినా, నిన్న ఉప్పు ఎక్కువైనా అరకిలో పెరిగి కనిపిస్తుంది. "ఇంత కష్టపడితే ఇదా" అని దిల్ విరిగిపోతుంది. మూడు వారాల హిసాబ్‌లో ఆ హెచ్చుతగ్గులు కనబడవు, మొత్తం దారి కనబడుతుంది. బాంటింగ్ 1863లో తన కథను చిన్న పుస్తకంగా వేసి మొదట ఉచితంగానే పంచాడు. అది ఎంత పాకిందంటే ఆయన పేరే ఇంగ్లీషులో పథ్యం చెయ్యడానికి మాటైపోయింది. ఆయన 1878లో, ఎనభై దాటాక పోయాడు.

మూడో మనిషి జీన్ నైడెచ్. న్యూయార్క్‌లోని క్వీన్స్ మొహల్లా, భర్త బస్సు డ్రైవర్, ఇద్దరు కొడుకులు. 1961లో ఆవిడ బరువు 214 పౌండ్లు, అంటే 97 కిలోలు. ఒకరోజు దుకాణంలో తెలిసినావిడ ఎదురై, డెలివరీ ఎప్పుడని అడిగింది. మన దావత్‌లలో ఖాలాలు అడిగినట్టే. జీన్ నగర ఆరోగ్య శాఖ నడిపే క్లినిక్‌కు వెళ్లింది. ఏం తినాలో అక్కడ కాగితం మీద రాసిచ్చారు. బరువు తగ్గడం మొదలైంది కూడా. అయితే ఆవిడ దొంగతనంగా బిస్కెట్లు తినేది. బాత్రూంలో మురికిబట్టల బుట్టలో దాచుకునేది. ఆ సంగతి క్లినిక్‌లో చెప్పుకోలేకపోయింది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే మొత్తం వదిలేస్తానని భయం పట్టుకుంది. తనలాగే లావుగా ఉన్న ఆరుగురు సహేలీలను ఇంటికి పిలిచి అంతా చెప్పేసింది. వాళ్లూ తాము దాచుకు తినేవన్నీ బయటపెట్టారు. మళ్లీ వారం కలుద్దామన్నారు. ఆ మహఫిల్ పెరిగి పెరిగి 1963లో వెయిట్ వాచర్స్ అనే కంపెనీ అయింది. జీన్ 1962 అక్టోబర్ నాటికి 142 పౌండ్లకు, అంటే 64 కిలోలకు వచ్చింది. 2015లో, 91 ఏళ్ల వయసులో పోయేదాకా ఆ పాత బరువు మళ్లీ రాలేదు.

కాగితం మీది పథ్యం క్లినిక్‌లో రాసిచ్చినదే. ఆవిడ కలిపింది సహేలీలను. తప్పు చెప్పుకోవడానికి షరమ్ లేని చోటు ఒకటి దొరికితే, ఒక వలీమాతో పర్హేజ్ మొత్తం మునగదు. వచ్చే వారం మళ్లీ కూర్చోవాలి కదా, మర్నాడే తిరిగి పట్టాలెక్కుతాం.

అమెరికాలో 1994లో ఒక రిజిస్టర్ మొదలుపెట్టారు. కనీసం 30 పౌండ్లు తగ్గి, ఏడాదైనా అలాగే నిలబడినవాళ్ల పేర్లు అందులో రాసుకుంటారు. వేలమంది చేరారు. ఏ దారిలో తగ్గారన్నది ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. నిలబెట్టుకోవడంలో మాత్రం చాలామందికి ఒకే ఆదత్‌లు: తరచుగా తూకం చూసుకోవడం, రోజుకు ఇంచుమించు గంట నడక లాంటి కసరత్. వీటిలో ఏదీ జోష్‌తో జరిగేది కాదు. పళ్లు తోముకున్నట్టు చేసుకుపోయే పనులు.

మా అమ్మీకి మోకాళ్ల తక్లీఫ్. షుగర్ కూడా ఉంది. సజ్దాకు వంగలేక నాలుగేళ్లుగా కుర్చీ మీద నమాజ్. డాక్టర్ బరువు తగ్గమని చాలాసార్లు చెప్పాడు. మేం చేసింది పెద్ద పనేం కాదు. బాంటింగ్ హిసాబ్ తీసుకుని వంటింట్లో క్యాలెండర్ మీద మూడో జుమా మూడో జుమాకు గుర్తు పెట్టాం. ఆ పొద్దునే తూకం, మిగతా రోజుల్లో కాంటా బీరువా మీద. తద్రీజ్ ప్రకారం మొదటి నెల చాయ్‌లో చక్కెర ఒక్కటే తీసేశాం, రెండో నెల రాత్రి అన్నం సగం చేశాం. అస్ర్ తర్వాత గల్లీలో నలుగురు ఆడవాళ్లు ఆమెను పిలుచుకుని నడవడానికి పోతారు. రాకపోతే తలుపు కొడతారు. పది నెలల్లో ఆరు కిలోలు తగ్గింది. కుర్చీ ఇంకా ఉంది, కానీ మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవడం లేదు. షుగర్ మందులో ఇన్సులినో వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టర్‌ను ఒకసారి అడగాలి. మేం కూడా అడిగే మొదలుపెట్టాం, మధ్యలో ఒకసారి మందు మోతాదు మార్చారు.

మన ఖాందాన్‌లలో బరువు తగ్గాలనుకునే మనిషిని ఒంటరిగా వదిలేస్తాం. పైగా దావత్‌లో ప్లేట్ నింపి "ఏం తినట్లేదు, నారాజ్ అయ్యావా" అంటాం. రెండు నెలలకు బరువు తగ్గకపోతే హిమ్మత్ లేని మనిషి అని పేరు పెడతాం. ఒక బాద్‌షాకే నానీ, హకీం, పరాయి వంటిల్లు కావాల్సి వచ్చాయి. మన అప్పాకో భాయికో ఉత్త నియ్యత్ ఒక్కటే చాలాలని అడగడం ఇన్సాఫ్ కాదు. మీ ఇంట్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే, ఎంత తగ్గావని రోజూ అడగకండి. రేపు అస్ర్ తర్వాత చెప్పులేసుకుని వాళ్లతో పాటు మీరూ బయల్దేరండి.