గల్ఫ్ దేశాలలో నిష్క్రమణ అనుమతి

నిష్క్రమణ అనుమతి అనగా ఒక దేశంలో నివాస అనుమతిపై దీర్ఘకాలం ఉంటున్న విదేశీయుడు ఆ దేశాన్ని విడిచి వెళ్ళే ముందు పొందవలసిన అధికారిక అనుమతి. చాలా దేశాలలో వీసా లోనికి రావడానికే అవసరం. బయటికి వెళ్ళడానికి చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, టికెట్టు ఉంటే సరిపోతుంది. కొన్ని గల్ఫ్ దేశాలలో మాత్రం వెళ్ళడానికి కూడా అనుమతి కావాలి. చాలాకాలం ఈ అనుమతి ఆచరణలో యజమాని చేతిలోనే ఉండేది. కొన్ని రకాల పనివారికి ఇప్పటికీ అలాగే ఉన్నది. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాదు, కడప, ఉభయ గోదావరి జిల్లాల నుండి పెద్ద సంఖ్యలో కార్మికులు ఈ దేశాలకు వలస వెళ్ళినందున తెలుగువారికి ఈ నియమాలతో ప్రత్యక్ష సంబంధం ఉన్నది.

కఫాలా పద్ధతి

కఫాలా అనే అరబ్బీ పదానికి పూచీ, జామీను అని అర్థం. ఈ పద్ధతిలో విదేశీ కార్మికుని ప్రవేశం, నివాసం, ఉద్యోగం మూడూ ఒక స్థానిక వ్యక్తి లేదా సంస్థ పూచీపై ఆధారపడి ఉంటాయి. ఆ పూచీదారుని కఫీల్ అంటారు. వీసా కార్మికుని పేరనే వచ్చినా, దానిని కోరినది కఫీల్ కనుక రద్దు చేయించగలిగినదీ అతడే. సెలవుపై స్వదేశానికి రావాలన్నా, పని మానుకొని శాశ్వతంగా వెళ్ళిపోవాలన్నా అతని సమ్మతి అవసరమయ్యేది. జీతం బకాయిపడినప్పుడు ఈ నియమం బరువు తెలుస్తుంది. ఫిర్యాదు చేసిన కార్మికుడు తాను ఎవరిపై ఫిర్యాదు చేశాడో అతని సంతకంతోనే ఇంటికి వెళ్ళవలసి ఉంటుంది.

"ఆజాద్ వీసా" పేరుతో ఏజెంట్లు అమ్మే వీసా చట్టంలో ఎక్కడా లేదు. పేరుకు కఫీల్ ఒకరు, పని చేయించుకొనేది వేరొకరు. ఇటువంటి కార్మికుడు తిరిగి వెళ్ళాలనుకున్నప్పుడు ముందుగా ఆ కఫీల్‌ను వెతికి పట్టుకోవాలి.

సౌదీ అరేబియా

సౌదీ అరేబియాలో ఉద్యోగ వీసాపై వచ్చినవారు 90 రోజులలోగా నివాస అనుమతి పొందాలి. దీనిని ఇకామా అంటారు, తెలుగు పత్రికలలో అకామా అని కూడా వ్రాస్తారు. పాస్‌పోర్టుల శాఖకు జవాజాత్ అని పేరు. దేశం విడిచే వీసాలు రెండు రకాలు. సెలవుపై వెళ్ళి తిరిగి వచ్చేవారికి "ఖురూజ్ వ ఔదా", శాశ్వతంగా వెళ్ళేవారికి "ఖురూజ్ నిహాయి". 2016 అక్టోబరు నుండి మొదటిదానికి, ఒక్కసారి ప్రయాణానికైతే రెండు నెలల వరకు 200 రియాళ్ళు, ఆపై ప్రతి నెలకు 100 రియాళ్ళు చొప్పున రుసుము విధించారు. కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం ఈ రుసుము, ఒప్పందం ముగిసిన తరువాత తిరుగు టికెట్టు ఖర్చు యజమానే భరించాలి. చాలామంది కార్మికులకు ఈ సంగతి తెలియదు. శాశ్వత నిష్క్రమణ వీసా ముద్రించిన తరువాత 60 రోజులలోగా దేశం విడవాలి. విడవలేకపోతే దానిని రద్దు చేయించుకోవాలి, లేనిచో జరిమానా పడుతుంది.

2021 మార్చి 14 నుండి అమలులోకి వచ్చిన కార్మిక సంస్కరణల ప్రకారం ప్రైవేటు సంస్థలలో పనిచేసేవారు యజమాని సమ్మతి లేకుండానే అబ్షర్, కివా అనే ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా ఈ రెండు వీసాలకూ దరఖాస్తు చేసుకోవచ్చు. యజమానికి సమాచారం మాత్రం అందుతుంది. ఒప్పందం మధ్యలో వెళ్ళిపోతే దాని పర్యవసానాలకు కార్మికుడే బాధ్యుడు. అయితే ఇంటి పనివారు, ఇంటి డ్రైవర్లు, ఇంటి కాపలాదారులు, పశువుల కాపరులు, తోటపని లేదా వ్యవసాయం చేసేవారు ఈ సంస్కరణల పరిధిలోకి రారు. కార్మిక చట్టం మొదటి నుండీ వీరికి వర్తించలేదు. ఎడారిలో ఒంటెలనూ మేకలనూ కాసేవాడికీ, నాలుగు గోడల మధ్య పనిచేసే ఆయాకూ వెళ్ళే స్వేచ్ఛ అందరికంటే ఎక్కువ అవసరం. సంస్కరణ ఆగినది సరిగ్గా వారి దగ్గరే. మలయాళ రచయిత బెన్యామిన్ 2008లో వెలువరించిన ఆడుజీవితం నవల ఇటువంటి ఒక కాపరి కథ. ఇది 2024లో సినిమాగా వచ్చింది.

ఖతార్

ఖతార్‌లో 2009 నాటి 4వ చట్టం ప్రకారం పూచీదారు అనుమతి లేనిదే విదేశీ కార్మికుడు దేశం దాటరాదు. అనుమతి నిరాకరించినప్పుడు మరొక మార్గం ఉండేది: కార్మికుడు రెండు దినపత్రికలలో ప్రకటన ఇచ్చి, 15 రోజుల తరువాత తనపై ఎటువంటి కేసులూ లేవని పత్రం తెచ్చుకోవాలి. కూలీ పనివానికి ఇది పేరుకు మాత్రమే మార్గం. ఫ్రాన్సు-అల్జీరియా ఫుట్‌బాల్ క్రీడాకారుడు జహీర్ బెలునీస్ జీతం వివాదం కారణంగా అనుమతి దొరకక ఖతార్‌లోనే చిక్కుకొని 2013 నవంబరులో బయటపడ్డాడు. 2022 ప్రపంచ కప్పు పోటీల నేపథ్యంలో ఈ ఉదంతం ప్రపంచం దృష్టికి వచ్చింది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో దోహాలో కార్యాలయం ప్రారంభించింది. అదే సంవత్సరం వచ్చిన 13వ చట్టం కార్మిక చట్టం పరిధిలోని అధికశాతం మందికి నిష్క్రమణ అనుమతిని తొలగించింది. కీలక బాధ్యతలలో ఉన్నవారి విషయంలో, సిబ్బందిలో 5 శాతానికి మించకుండా, అనుమతి నియమాన్ని కొనసాగించే వీలు యజమానికి ఇచ్చారు. 2020 జనవరిలో ఇంటి పనివారికి కూడా అనుమతి అవసరం లేకుండా చేశారు, కాని వారు 72 గంటల ముందుగా యజమానికి తెలియజేయాలి.

కువైట్

ఖతార్ ఈ నియమాన్ని తొలగించగా, కువైట్ కొత్తగా ప్రవేశపెట్టింది. 2025 జూలై 1 నుండి 18వ అధికరణం కింద నివాస అనుమతి ఉన్న ప్రైవేటు రంగ కార్మికులు ప్రతి ప్రయాణానికీ ముందుగా నిష్క్రమణ అనుమతి పొందాలి. దరఖాస్తును కార్మికుడు సహెల్ యాప్ వంటి ప్రభుత్వ మాధ్యమాల ద్వారా పెట్టుకొంటాడు, ఆమోదించవలసినది యజమాని. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి అప్పటికప్పుడు బయలుదేరవలసిన వానికి ఈ ఆమోదమే అన్నిటికంటే పెద్ద అడ్డంకి. ఎవరైనా ఏ దేశాన్నైనా విడిచి వెళ్ళవచ్చునని చెప్పే పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో కువైట్ 1996లోనే చేరింది.

ప్రయాణ నిషేధం

నిష్క్రమణ అనుమతి, ప్రయాణ నిషేధం వేర్వేరు. చెల్లించని బ్యాంకు అప్పు, క్రిమినల్ కేసు, రోడ్డు ప్రమాద పరిహారం వంటి కారణాలతో న్యాయస్థానం లేదా అధికారులు విధించేది ప్రయాణ నిషేధం. ఇది యజమాని సమ్మతితో తొలగిపోదు. యు.ఏ.ఇ.లో నిష్క్రమణ అనుమతి పద్ధతి లేకపోయినా ఇటువంటి నిషేధాల వలన విమానాశ్రయం నుండి వెనుదిరిగినవారు ఉన్నారు.

హురూబ్, క్షమాభిక్ష

యజమానిని వదలి వెళ్ళిన కార్మికునిపై "పారిపోయాడు" అని ఇచ్చే ఫిర్యాదును సౌదీలో హురూబ్ అంటారు. ఇది నమోదైన తరువాత మామూలు పద్ధతిలో నిష్క్రమణ వీసా లభించదు. జీతం అడిగినందుకు ఈ ఫిర్యాదు పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2022లో నియమాలు మార్చి, పనికి గైర్హాజరైనట్లు నమోదైన కార్మికునికి వేరే యజమాని వద్దకు మారడానికి లేదా దేశం విడవడానికి 60 రోజుల గడువు ఇచ్చారు. పత్రాలు లేకుండా మిగిలిపోయినవారిని గల్ఫ్‌లోని తెలుగువారు "ఖల్లివెల్లి" అంటారు. వీరికి పాస్‌పోర్టు లేనిచో భారత రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది. వాడుకలో దీనిని ఔట్‌పాస్ అంటారు. ఔట్‌పాస్ ఉన్నంత మాత్రాన విమానం ఎక్కలేరు, స్థానిక ప్రభుత్వం నుండి నిష్క్రమణ ముద్ర కూడా పడాలి.

అందువలన చాలామంది క్షమాభిక్ష కోసం ఎదురుచూస్తారు. సౌదీలో 2013, 2017 సంవత్సరాలలోను, యు.ఏ.ఇ.లో 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు జరిమానా లేకుండా వెళ్ళే అవకాశం ఇచ్చారు.

సౌదీలో మరణించిన విదేశీ కార్మికుని భౌతికకాయానికి కూడా శాశ్వత నిష్క్రమణ ప్రక్రియ పూర్తి కావాలి. ఇందులో యజమాని పాత్ర ఉన్నందున శవపేటిక గ్రామానికి చేరడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది.

భారతదేశంలో నియమాలు

1983 నాటి వలస చట్టం ప్రకారం పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే వలస అనుమతి తీసుకోవాలి. 30 సంవత్సరాల లోపు మహిళలకు ఈ అనుమతి ఇవ్వరు. విజిట్ వీసాపై వెళ్ళి అక్కడ ఉద్యోగంలో చేరినవారి ఒప్పందం ఈ వ్యవస్థలో నమోదు కాదు. తరువాత వివాదం వస్తే చూపడానికి కాగితం ఉండదు. ఆపదలో ఉన్నవారి టికెట్టు, న్యాయ సహాయం, భౌతికకాయం తరలింపు ఖర్చులకు 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి సహాయం కోరవచ్చు. దరఖాస్తును ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి లేదా కాన్సులేటుకు ఇవ్వాలి. ఇకామా, ఒప్పందం, పాస్‌పోర్టు నకళ్ళను స్వదేశంలోని కుటుంబం వద్ద కూడా ఉంచినచో ఇటువంటి దరఖాస్తులకు ఉపకరిస్తాయి.